పాత ఇంటికి చల్లదనం: ముందు పైకప్పు, ఆ తర్వాతే యంత్రం

చలి దేశాల్లో పాత ఇల్లు కొన్న మిత్రులు నేల కింద గొట్టాలు వేయించి, వాటిలో వేడినీళ్ళు పారించే పద్ధతి గురించి ఆరా తీస్తూంటారు. మస్కట్‌లో ఉన్న నన్ను వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ గొట్టాల్లోనే చల్లనీళ్ళు పారిస్తే మీకు ఏసీ అక్కర్లేదు కదా?" మంచి ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కొంచెం లెక్క వేయాలి. లెక్కంటే మనవాళ్ళకి భయం లేదు కాబట్టి ధైర్యంగా మొదలుపెడతాను.

మస్కట్‌లో పాత ఇల్లంటే వందేళ్ళ ఇల్లు కాదు. 1970 తర్వాత చమురు డబ్బుతో ఊరు పెరిగినప్పుడు కట్టినది. సిమెంటు దిమ్మెల గోడలు, పైన కాంక్రీటు స్లాబు. వేడిని ఆపే పొర ఏదీ ఉండదు. అంతకు ముందరి మందపాటి మట్టిగోడలకున్న నిదానం ఈ గోడలకి లేదు. రాత్రి చల్లబడుతుందిలే అనుకోవడానికీ లేదు. 2018 జూన్ 26న మస్కట్‌కి దగ్గరలోని ఖురయ్యాత్‌లో రాత్రీ పగలూ కలిపి నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు!

ఇక లెక్క. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న పడకగది తీసుకుందాం. కప్పు 16 చదరపు మీటర్లు. ఉత్త కాంక్రీటు స్లాబు ఒక్కో చదరపు మీటరు ద్వారా, ఒక్కో డిగ్రీ తేడాకి సుమారు 3 వాట్ల వేడిని లోపలికి పంపుతుంది. ఎండకి కప్పు పైభాగం 60 డిగ్రీలు, లోపల 24 అనుకుంటే తేడా 36. మూడింటినీ గుణిస్తే 1,728 వాట్లు. ఏసీ భాషలో ఒక టన్ను అంటే 3,517 వాట్లు. అంటే అర టన్ను ఏసీ కేవలం కప్పుతో కుస్తీ పట్టడానికే సరిపోతుంది. పైగా ఈ వేడి స్లాబులోంచి దిగిరావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఇంటికొచ్చి పడుకునే వేళకి కప్పు సెగలు కక్కుతుంది. బెజవాడ డాబా ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అదే కప్పు మీద 5 సెంటీమీటర్ల మందాన, థర్మోకోల్ జాతిదే అయినా నీరు పీల్చని గట్టి పలకలు పరిచి, పైన టైల్స్ వేశామనుకోండి. 3 వాట్లు కాస్తా అర వాటు అవుతుంది. 1,728 వాట్లు 288కి దిగుతాయి. ఏ ఏసీ కంపెనీ ఇవ్వలేని పొదుపు ఇది. అంత ఖర్చు పెట్టలేకపోతే కనీసం తెల్లటి పూత వేయించాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఈ సూత్రం మీదే.

రెండో శత్రువు తేమ. వేసవిలో సముద్రపు గాలి వీచే రోజుల్లో ఇక్కడ 27 డిగ్రీలకి చల్లబడిన వస్తువు ఏదైనా చెమటలు పడుతుంది. దీన్నే తుషార స్థానం అంటారు. పాత కిటికీల సందుల్లోంచి గంటకి వంద ఘనపు మీటర్ల గాలి ఇంట్లోకి వచ్చినా, దానితోపాటు దాదాపు లీటరున్నర నీరు ఆవిరి రూపంలో వస్తుంది. రోజుకి 36 లీటర్లు, అంటే సుమారు రెండు బిందెలు! ఆ నీటిని పిండి బయట పోయాల్సింది ఏసీయే.

మిత్రుల ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. నేలని 20 డిగ్రీలకి చల్లబరిస్తే మన గదిలో అది లాగగలిగేది సుమారు 600 వాట్లు. తేమని అసలు తీయదు. తలుపు తెరవగానే నేల తడిసి జారుతుంది. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో ఈ పద్ధతి వాడారు. కానీ అక్కడ తేమ తీసిన గాలిని విడిగా పంపుతారు. పాత ఇంటికి ఆ వైభోగం గిట్టుబాటు కాదు. హైదరాబాదులో మే నెలలో హాయినిచ్చే కూలరు కూడా ఇక్కడ తేమ రోజుల్లో దండగే.

కాబట్టి మిగిలినవి మూడు. కిటికీ ఏసీ చవక. పాత ఇళ్ళలో దానికి గోడలో కన్నం సిద్ధంగా ఉంటుంది. ఆ కన్నం చుట్టూ సందులే మన రెండు బిందెలకి రాచబాట. గొట్టాల ద్వారా అన్ని గదులకీ గాలి పంపే డక్టు ఏసీకి ఫాల్స్ సీలింగు కావాలి. ఎత్తు తక్కువ ఇంట్లో కష్టం. గొట్టాలు ఎండలో మేడమీద నుంచి వెళితే చల్లదనం దారిలోనే పోతుంది. చాలా పాత ఇళ్ళకి సరైనది గదికొక ఇన్వర్టర్ స్ప్లిట్. పాత కన్నాన్ని ఇటుకతో పూడ్పించడం మాత్రం మరవద్దు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, సామర్థ్యాన్ని 35 డిగ్రీల దగ్గర కొలిచారా, 46 దగ్గరా? రెండోదాన్ని టీ3 అంటారు. మనకి కావలసింది అదే. రెండు, "పెద్దది వేసుకుంటే పోలా" అనకండి. అవసరానికి మించిన ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. తేమ మిగిలి, గోడలకి బూజు పడుతుంది. కప్పు సరిచేస్తే, రెండు టన్నులు అనుకున్న గదికి ఒకటిన్నర చాలవచ్చు. మూడు, ఆర్-22 వాయువుతో నడిచే సెకండ్‌హ్యాండ్ యంత్రం జోలికి పోవద్దు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అది 2030 నాటికి దాదాపు కనుమరుగవుతుంది.

మనలో చాలామందిమి అద్దెకుండేవాళ్ళం. "ఇంటివాడి కప్పుకి నా డబ్బులెందుకు?" అనిపించడం సహజం. ఏసీని ఇల్లు మారితే పట్టుకుపోవచ్చు, కప్పుని పట్టుకుపోలేం. అందుకే బేరం పెట్టండి: పూతా, సందులూ మనవి, పలకలు ఆయనవి. ఒమాన్‌లో 2021 జనవరి నుంచి కరెంటు సబ్సిడీ విడతలవారీగా తగ్గించే ధరలు మొదలయ్యాయి. తక్కువ బిల్లు వచ్చే ఇల్లు అద్దెకి పోవడం సులువన్న సంగతి ఇంటివాళ్ళకీ అర్థమవుతుంది.

ఇది బిల్లు గొడవ మాత్రమే కాదు. 2022 సెప్టెంబరు 5న మస్కట్‌తో సహా దేశంలో చాలాచోట్ల కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. అలాంటి పూట ఎంత ఖరీదైన ఏసీ అయినా గోడకి తగిలించిన పెట్టే. పైన పలకలు పరిచిన ఇంట్లో మాత్రం, అప్పటిదాకా చల్లబడిన స్లాబు ఆ చలవని కొన్ని గంటలు లోపలే నిలుపుతుంది. చంటిపిల్లలున్నా, ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నా, ఆ కొన్ని గంటల విలువ రియాళ్ళలో కట్టలేం.