మల్లి యను పేరు

వ్యాసర్పాడి తెలుగిండ్లలో “మల్లీ!” అని పిలిచిన మల్లయ్యయు పలుకును, మల్లేశ్వరియు పలుకును. ఆడుమగల కిరువురకును చెల్లు ఈ చిన్ని పేరు జైనులకు 19వ తీర్థంకర నామము. మిథిలలో కుంభరాజునకు జన్మించిన మల్లి స్త్రీ యని శ్వేతాంబరులు, పురుషుడని దిగంబరులు నమ్ముదురు. ఇది వట్టి పేరు తగవు గాదు. స్త్రీ దేహముతోనే మోక్షము కలుగునా యన్నదే అసలు ప్రశ్న. గర్భవతియైన తల్లి పూలదండల శయ్యను కోరినందున శిశువునకు మల్లి యని పేరిడిరని శ్వేతాంబరాగమమైన జ్ఞాతాధర్మకథ చెప్పును. ప్రాకృతమున ‘మల్ల’ మనగా పూలదండ. మన మల్లెయు జ్ఞప్తికి రాక మానదు. ఇంత వాదమున్నను శ్వేతాంబరాలయములలో సైతము మల్లి విగ్రహము సాధారణముగా తక్కిన జినుల వలెనే యుండును. పీఠముపై కలశ చిహ్నమును జూచి గుర్తింపవలెను.