ఒక పక్కే వెలిగే నక్షత్రం

చుక్కలన్నీ ఎప్పుడూ ఒకేలాగ వెలుగుతాయని మనం అనుకుంటాం. అది నిజం కాదు. కొన్ని చుక్కలు లెక్క ప్రకారం పెరిగి తగ్గుతుంటాయి. వాటిలో ఒకదాని గురించి నేను చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

దాని పేరు హెచ్‌జడ్ హెర్క్యులిస్. సుమారు 20 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఉత్త కంటికి ఆనదు, టెలిస్కోపు కావాలి. 1.7 రోజులకు, అంటే దాదాపు 41 గంటలకు ఒకసారి దాని వెలుగు పెరిగి తగ్గుతుంది. తేడా దాదాపు నాలుగు రెట్లు!

కారణం ఏమిటి? ఎక్స్-కిరణాలను మన వాతావరణం ఆపేస్తుంది. అందుకే 1970 డిసెంబరు 12న కెన్యా తీరం దగ్గర సముద్రంలోని వేదిక మీద నుంచి ఉహురు అనే ఉపగ్రహాన్ని పంపారు. అది ఈ చుక్క దిక్కు నుంచి ఎక్స్-కిరణాలు రావడం కనిపెట్టింది. అవి కూడా 1.7 రోజులకు ఒకసారి, 6 గంటలకు కొంచెం తక్కువసేపు మాయమౌతున్నాయి. రెండు లెక్కలూ ఒకటే. కాబట్టి అక్కడ ఉన్నది ఒక జంట. ఒకటి మామూలు నక్షత్రం. రెండోది న్యూట్రాన్ నక్షత్రం. దాని అడ్డుకొలత సుమారు 20 కిలోమీటర్లే గాని బరువు సూర్యుడి కంటే ఎక్కువ. అది 1.24 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. పెద్దదాని నుంచి లాగిన వాయువు పళ్ళెంలా చుట్టూ తిరిగి, దాని మీద పడి, విపరీతంగా వేడెక్కి ఎక్స్-కిరణాలు ఇస్తుంది.

చలికాలం నెగడు ముందు ఒక మనిషి కూర్చున్నాడనుకోండి. మంటవైపు ముఖం వెలుగుతుంది, వీపు చీకటి. మనం చుట్టూ తిరిగి చూస్తే ఒకసారి ముఖం, ఒకసారి వీపు కనపడతాయి. వీపు కనపడినప్పుడు మంట అతని వెనక దాగిపోతుంది. ఇక్కడ మనిషి పెద్ద నక్షత్రం, మంట న్యూట్రాన్ నక్షత్రం. అక్కడ తిరిగేది మాత్రం మనం కాదు, అవే.

ఇంకో వింత. 35 రోజుల లెక్కలో కొన్నాళ్ళు ఎక్స్-కిరణాలు మనకు బాగా తగ్గిపోతాయి. మంట ఆరిందా? లేదు. ఆ రోజుల్లో కూడా పెద్ద నక్షత్రం ముఖం వెలుగుతూనే ఉంటుంది. వాయువు పళ్ళెం వంగి, చాటలాగ మనకు అడ్డం వచ్చిందన్నమాట. అయితే పాత ఫోటో పలకలు చూస్తే కొన్నేళ్ళపాటు ఆ ముఖం కూడా వెలగలేదు. అంటే అప్పుడు దాని మీద ఎక్స్-కిరణాలు పడటం లేదు. కనపడే దాన్ని బట్టి కనపడని దాన్ని తెలుసుకోవడం అంటే ఇదే.

మన దేశం కూడా ఇలాంటి జంటలను చూడటానికి 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్‌ను పంపింది.

మనం ఏం చెయ్యగలం? పెర్సియస్ మండలంలో ఆల్గాల్ అనే చుక్క ఉంది. ఇది ఎక్స్-కిరణాల కోసం చూసేది కాదు గాని జంటే. సుమారు 2 రోజుల 21 గంటలకు ఒకసారి ఒకటి రెండోదానికి అడ్డం వచ్చి వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో ఉత్తరం వైపు ఎత్తుగా ఉంటుంది. పక్కనున్న చుక్కల్లో దేనికంటే ఎక్కువ, దేనికంటే తక్కువ అని చూసి తేదీ, టైము వేసి రాయాలి. ఒక్క రాత్రి చూస్తే ఏమీ తెలియదు. నెల రోజుల కాగితం కావాలి.

వార్డెన్ గారికి మనవి: భోజనాలయ్యాక అరగంట గ్రౌండు లైటు ఆర్పి మమ్మల్ని అక్కడ ఉండనివ్వండి. కాగితాలు ఈ గోడ మీదే అంటిస్తాం.