తాళం తీసిందా? కన్నం వేసిందా?

సిద్దిపేట వైపు పల్లెల్లో మందుమొక్కలు తెలిసిన పెద్దలెవరైనా కనబడితే పొడపత్రి గురించి అడిగి చూడండి. పొదలమీద అల్లుకునే తీగ అది. ఆ ఆకు నమిలిన వెంటనే పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది! (సరిగా పోల్చుకోలేని ఆకును మాత్రం నమలకండి.)

తీపి ఏమైంది? నాలుకమీది కణాలకు గ్రాహకాలు ఉంటాయి. ఇవి తాళాల వంటివి. చక్కెర అణువు వచ్చి ఇమిడితేనే "తీపి" అన్న కబురు మెదడుకు చేరుతుంది. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు ఆ గ్రాహకానికి అంటుకుని కాసేపు అడ్డుపడతాయి.

ఇప్పుడు క్లోమంలోకి వెళదాం. అక్కడి బీటా కణాలు ఇన్సులిన్‌ను చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడు కాల్షియం అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి. సంచులు బయటికి తెరుచుకుంటాయి. ఈ కణాలకూ గ్రాహకాలున్నాయి. మనం అన్నం తిన్నాక పేగులనుంచి వచ్చే జి.ఎల్.పి.-1 అనే హార్మోన్ ఒక గ్రాహకంలో ఇమిడి, ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది. తీపి గ్రాహకం ఎలుక బీటా కణాలపైన కూడా ఉన్నదని 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపారు.

మరి మధుమేహానికి తరతరాలుగా వాడుతున్న పొడపత్రి కూడా ఇలా ఏదో తాళం తీస్తుందా? 1999లో లండన్ కింగ్స్ కాలేజీ శాస్త్రజ్ఞులు దాని సారాన్ని బీటా కణాలపై వేసి చూశారు. ఇన్సులిన్ వచ్చింది! మనమైతే చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లం. వాళ్లు ఆగలేదు. ఉష్ణోగ్రత మార్చారు, విడుదలలో తేడా రాలేదు. అనుమానం ఇక్కడే మొదలైంది. సంచులను అంచుదాకా మోసుకొచ్చి తెరవడం కణం శ్రమపడి చేసే పని. చల్లబరిస్తే అది మందగించాలి కదా! తరువాత ట్రిపాన్ బ్లూ అనే నీలిరంగు కలిపారు. ఆరోగ్యంగా ఉన్న కణం దాన్ని లోపలికి రానివ్వదు. ఇక్కడ మాత్రం రంగు లోపలికి పోయింది. అంటే ఆ సారం తాళం తీయలేదు, కణం పొరకు కన్నం వేసింది! ఇన్సులిన్ కారిపోయింది.

కాబట్టి ఇంట్లో మధుమేహం ఉన్న తాతయ్యకు ఈ ఆకురసం పట్టిద్దామని పరుగెత్తకండి. ఆయన వేసుకునే మాత్రలతో కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కూడా.

కథ అక్కడితో ముగియలేదు. అదే కాలేజీవారు 2009లో పొడపత్రినుంచే వేరే విధంగా తీసిన సారాన్ని ఎలుక బీటా కణాలపైన, మనిషి క్లోమకణాలపైన పరీక్షించారు. తగిన మోతాదులో వేస్తే ఈసారి కణాలు చెడలేదు. కాల్షియం లోపలికి వచ్చింది, ఇన్సులిన్ బయటికి వెళ్లింది.