రెండో కాలికి పని చెప్పిన రహీం సాబ్

ఆత్రేయపురం వెళ్లినప్పుడు పూతరేకులు కొనుక్కుని వచ్చేయకండి. రేకు తీసే ఇంట్లో కాసేపు కుండ దగ్గర కూర్చోండి. బోర్లించిన కుండ, లోపల మంట. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టి, కుండ మీద ఇలా పరిచి అలా తీయాలి. నేర్చుకునే పిల్ల చేతిలో మొదట రేకు చిరుగుతుంది, మందమవుతుంది, మాడుతుంది. పక్కనున్న పెద్దావిడకి ఆ గుడ్డ లాక్కుని తానే తీసేయడం చిటికెలో పని. నేర్పడం తెలిసినావిడ లాక్కోదు. మంట తగ్గించమంటుంది, జావ ఇంకొంచెం పలచన చేయమంటుంది, మళ్లీ తీయమంటుంది.

ఆటగాడు కోచ్ అయినప్పుడు ఎదురయ్యే కష్టం సరిగ్గా ఇదే. అతను కోచ్ అయిన రోజు నుంచీ ఆలోచన తనదే, బంతి మాత్రం వేరొకరి చేతిలో. బాగా పనిచేసి టీమ్ లీడర్ అయిన ప్రతివారికీ ఈ బాధ తెలుసు. ‘నేనైతే పది నిమిషాల్లో చేసేద్దును’ అనిపిస్తుంది. చేసేస్తాం కూడా. అక్కడే కుర్రాడి ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ చిక్కును విప్పిన మనిషి మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. ఫుట్‌బాల్ ఆడారు, బడిలో పాఠాలు చెప్పారు, తర్వాత కోచ్ అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత్‌కు బంగారు పతకం వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే.

పతకాలకన్నా నాకు ఆయన పెట్టిన చిత్రమైన పోటీలే గొప్పగా కనిపిస్తాయి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం, నిషిద్ధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో అలవాటైన కాలితో తన్నకూడదు, రెండో కాలే దిక్కు. ఆలోచించండి, కుడికాలి వీరుడికి ఆ రోజు మైదానంలో ఎంత అవమానం! కానీ అడ్డం వస్తున్నది ఆ బలమేనని గురువు గమనించారు. ఉన్న బలాన్ని కాసేపు పక్కన పెట్టిస్తేనే లేనిది మొలుస్తుంది. మాటకారిని నెలరోజులు నివేదికలు రాయమనండి. లెక్కల్లో దిట్టను ఖాతాదారుడి ఎదుట కూర్చోబెట్టండి. మొదటివారం పని చెడుతుంది. ఆ నష్టం మీరు భరించాలి, తిట్లు మీరు తినాలి.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టేవారు. రహీం సాబ్ అతణ్ని ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో ఎదురైంది అదే కొరియా. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో బంగారం మనది. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. ఆ సంగతి ఆయన జట్టుకు భారం కానివ్వలేదు. 1963 జూన్‌లో కన్నుమూశారు.

మీ కింద పనిచేసేవాళ్లలో ఒకరి పేరు ఇప్పుడే తలుచుకోండి. వాళ్లకు బొత్తిగా చేతకాని పని ఒకటి ఈ సోమవారం అప్పజెప్పి, శుక్రవారం దాకా గుడ్డ లాక్కోకుండా ఉండండి.