మన ఊరి పేజీ గురించి చిన్నికి

చి. చిన్నికి,

నీ ఉత్తరం అందింది. తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీకి నువ్వు కష్టపడి చేర్చిన పేరాల్లో చాలా భాగం తెల్లారేసరికి ఎవరో తీసేశారని, ఇక ఆ జోలికి వెళ్ళనని రాశావు. తొందరపడకు. నేను ఆ పేజీ చరిత్ర తెరిచి చూశాను. నువ్వు రాసినది ఎక్కడికీ పోలేదు, తేదీతో, సమయంతో సహా పాత కూర్పులో అలాగే ఉంది. తీసేసినాయన దిద్దుబాటు సారాంశంలో "మూలాలు లేవు, చర్చ పేజీ చూడగలరు" అని రాశాడు. చర్చ పేజీలో నిన్ను పలకరించి, ఏ వాక్యానికి ఏ ఆధారం కావాలో విడివిడిగా అడిగాడు. నువ్వు ఆ పేజీ తెరవలేదు కదూ? ముందు అది చదువు. నీతో కలిసి పనిచేయడానికి ఒక మనిషి అక్కడ సిద్ధంగా ఉన్నాడు.

ఇక నువ్వు రాసిన సంగతికి వద్దాం. మన గుడి వెయ్యేళ్ళ నాటిదనీ, ప్రతాపరుద్రుడు కట్టించాడనీ రాశావు. ప్రతాపరుద్రుడు ఏలింది 1289 నుంచి 1323 వరకు. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది, దానికే ఇంకా తొమ్మిది వందల ఏళ్ళు నిండలేదు. నీ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఊళ్ళో అందరూ అనే మాటే అది, నేనూ పుట్టినప్పటి నుంచి వింటున్నాను. కానీ ఆ పేజీ చదివేవాడు మన ఊరివాడు కాకపోవచ్చు. ఎక్కడో దుబాయిలోనో డల్లాస్‌లోనో ఉండి, తాతల ఊరు ఎలాంటిదో తెలుసుకోవాలని వెతికే పిల్లవాడు కావచ్చు. ఇది నిజమేనా అని సరిచూసుకునే దారి వాడికి మనం చూపించాలి. మూలం ఇవ్వమని అడిగేది అందుకే.

గుడి ముందు శాసనం ఉంది కదా, అది నేనే చదివి రాస్తానంటావేమో. వద్దు. పండితులు చదివి అచ్చువేసిన పాఠాన్ని చూపాలే తప్ప, మన సొంత పరిశోధనకు విజ్ఞాన సర్వస్వం చోటు కాదు. వరంగల్ జిల్లా శాసనాలు, కరీంనగర్ జిల్లా శాసనాలు అంటూ పురావస్తు శాఖ జిల్లావారీగా సంపుటాలు వేసింది. అంతకుముందే లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలు అచ్చువేసింది. మీ కాలేజీలో దొరక్కపోతే కాకతీయ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అడిగి చూడు. మన ఊరి పేరు దొరికితే సంపుటం, పుట సంఖ్య, శాసనం సంఖ్య రాసుకో. దొరకలేదనుకో, గుడి ఎప్పటిదన్న మాట రాయకుండా వదిలెయ్యి. ఆ ఖాళీని అలా ఉండనివ్వడం కూడా వ్యాసానికి చేసే మేలే.

ఆ మండలికి పేరైన కొమర్రాజు లక్ష్మణరావు గారి సంగతి నీకు తెలియాలి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకుని, మూడు సంపుటాలు తెచ్చి 1923లో పోయారు. అప్పటికి పని అకారంలోనే ఉంది. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని మళ్ళీ చేపట్టారు. లక్ష్మణరావు గారంతటి పండితులు, అంతమంది మిత్రుల సాయం ఉండి కూడా ఒక్క అక్షరం దాటలేకపోయారంటే ఆ పని బరువు ఎంతో ఊహించుకో. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఇంత దూరం వచ్చిందంటే ఒకరు మొదలుపెట్టినదాన్ని ముక్కూమొహం తెలియని ఇంకొకరు అందుకోవడం వల్లనే.

దానికి మన ఊరి పేజీయే సాక్ష్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం మనది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయినప్పుడు మనం వరంగల్ పట్టణ జిల్లాలోకి వచ్చాం. 2021లో దాని పేరు హనుమకొండ జిల్లాగా మారింది. అదే ఏడు పక్కనున్న వరంగల్ గ్రామీణ జిల్లా వట్టి వరంగల్ జిల్లా అయింది. అంటే "వరంగల్ జిల్లా" అని రాస్తే 2011లో ఒకటి, ఇప్పుడు ఇంకొకటి! ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయ్యాయి, అక్కడా ఇదే పని. రెండు రాష్ట్రాల్లో వేల ఊళ్ళ పేజీలు. జీవోలు తెరిచి, ఏ ఊరు ఏ మండలం నుంచి ఏ మండలానికి పోయిందో వరుసగా చూసి, పేజీ పేజీకీ సరిదిద్దాలి. జనాభా లెక్కలు పాత జిల్లావి గనుక ఆ పేరు తీసేయకూడదు, కొత్త పేరు రాయకుండా ఉండకూడదు. పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ ఊరు ఏ జిల్లాలో ఉండేదో చెప్పే వాక్యం మన పేజీలో ఉండేది చూడు, నువ్వు దాన్ని "అనవసరం" అని కొట్టేశావు. అది అనవసరం కాదమ్మా. అలాంటి వాక్యాన్ని ఎలా రాయాలి, సమాచారపెట్టెలో ఏ పేరు పెట్టాలి అని వికీపీడియా చర్చావేదిక రచ్చబండలో అక్కడి రచయితలు వాదించుకుని, ఒక మాటకు వచ్చి, ఊరూరికీ చేర్చుకుంటూ పోయారు. వాళ్ళలో ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్ళున్నారు, పగలు ఆఫీసుకు వెళ్ళి రాత్రి కూర్చునేవాళ్ళున్నారు. ఎవరికీ పైసా రాదు. అందుకే అంటున్నాను, ఒక వాక్యం తీసేముందు అది అక్కడికి ఎందుకొచ్చిందో పేజీ చరిత్రలో చూడు. అర్థం కాకపోతే చర్చ పేజీలో అడుగు. చివర నాలుగు టిల్డెలు పెడితే నీ సంతకం దానంతటదే పడుతుంది.

నువ్వూ, నీ పేరాలు తీసేసినాయనా ఒకరి మార్పును ఒకరు రద్దు చేసుకుంటూ పోవడం మాత్రం వద్దు. ఒక్కసారి తిరగవేశారంటే అక్కడితో ఆగి మాట్లాడాలి. ఆయన అన్నదాంట్లో న్యాయముంటే ఒప్పుకో. లేదనిపిస్తే మూలం చూపించి గట్టిగానే చెప్పు, నువ్వు చిన్నదానివని తగ్గనక్కర్లేదు. అక్కడ వయసుకూ డిగ్రీకీ విలువ లేదు, చూపించే ఆధారానికే విలువ.

కొత్త పేజీలు పెట్టి లెక్క పెంచుకోవాలన్న ఆరాటం పెట్టుకోకు. చాలా ఏళ్ళ కిందట ఒక పెద్ద సంస్థ ఇంగ్లీషు వ్యాసాలను యంత్రం సాయంతో తెలుగులోకి మార్పించి వందలకొద్దీ ఎక్కించింది. పెద్ద పెద్ద వ్యాసాలే, కానీ ఒక్క పేరా సాఫీగా చదవలేం. తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, బాగుచేసే ఓపిక మిగిలినవాళ్ళకు చాలలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ చేత రాయించి అతికించేవాళ్ళు బయలుదేరారు. వాక్యం నున్నగానే ఉంటుంది, కింద చూపిన పుస్తకం మాత్రం లోకంలో ఉండదు. నువ్వు అలా చేయవని నాకు తెలుసు. నీ పక్కవాళ్ళు చేస్తుంటే ఊరుకోకు. ఉన్న మొలకల్లో, అంటే నాలుగు ముక్కలే ఉన్న చిన్న వ్యాసాల్లో, ఒకదాన్ని తీసుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి, చదివినవాడికి కడుపు నిండేలా పెంచండి. అది నూరు కొత్త పేజీల పెట్టు.

పత్రికలో వచ్చిన వార్తను ఉన్నదున్నట్టు దించకు. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. విషయం తీసుకుని నీ మాటల్లో రాసి, పత్రిక పేరూ తేదీ ఇవ్వు. చెరువు ఫొటో కూడా ఎవరిదో తెచ్చి పెట్టావు, తీసేస్తారు. నీ ఫోన్‌తో తీసి వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించు. వానలు పడి నిండాక తియ్యి, మత్తడి దూకుతున్నప్పుడు.

మీ నాన్న తాతయ్య మీద ఒక పేజీ పెట్టమన్నాడట. పెట్టకు. తాతయ్య ఎంతమంది పిల్లలకు చదువు చెప్పాడో నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఇంటివాళ్ళ గురించి ఇంటివాళ్ళే రాస్తే తటస్థంగా రాయలేం. బయటివాళ్ళు ఆయన గురించి రాసి అచ్చువేసిందీ ఏమీ లేదు. మీ నాన్నకు కోపమొస్తే నేను మాట్లాడతాను.

ఈ వారం చర్చ పేజీలో, నీ పేరాలు తీసేసినాయనకు జవాబివ్వు. నీ నాలుగో పేరా, చెరువు కింద సాగు గురించినది, ఆయన తీయలేదు. దానికి మూలంగా 2011 జిల్లా జనగణన పుస్తకంలో మన ఊరి వరుస చూపించు, నీటిపారుదల లెక్క అందులో ఉంటుంది. పుస్తకం కంప్యూటర్‌లో దొరుకుతుంది. ఊరి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కాస్త వేరుగా ఉండొచ్చు, మండలం పేరుతో వెతుకు. శాసనాల సంపుటం దొరికితే నాకు ఫోన్ చెయ్యి, గుడి పేరా ఇద్దరం కలిసి రాద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ