రేగడి నేల – విద్యుత్తు

రుద్రూరు, బోధను ప్రాంతముల రేగడి నేలను ఎఱుగనివారు మనలో లేరు. మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట, దాని కాలువనీటితో ఈ నేలలో వరియు చెఱకును విరివిగా పండినవి. అయితే ఈ నేల త్రాగిన నీటిని తేలికగా విడువదు. వేళ్లచుట్టు నీరు నిలిచినచో గాలి చొరక పైరు చెడును. నేల నీటిని ఇంత గట్టిగా ఏల పట్టుకొనుచున్నదో విచారింతము.

రేగడి రేణువులు మిక్కిలి సూక్ష్మములు. ఇట్టి రేణువులు నీటిలో చెదరియున్న మిశ్రమమును కొల్లాయిడు అందురు. ఈ రేణువులపై ఋణవిద్యుదావేశముండును. అందుచే నీటిలోని సోడియము, కాల్షియము మున్నగు ధన అయానులు వాని చెంత గుమిగూడును. ఆ అయానులు నీటిని ఆకర్షింపగా మట్టి యుబ్బి సందులు మూసికొనును. నీరు తన బరువుచే దిగజాలదు.

1809లో మాస్కోయందలి ఆచార్యుడగు రాయిస్ ఒక వింతను ప్రకటించెను. తడి బంకమట్టిలో రెండు గాజుగొట్టములు నిలిపి, నీరు పోసి, విద్యుత్తు పంపగా, ఋణధ్రువమున్న గొట్టములో నీరు పైకెక్కెను. ధన అయానులు ఋణధ్రువమునకు పోవుచు నీటిని వెంట లాగుకొనిపోవుటయే దీనికి కారణము. ఇదియే విద్యుద్ద్రవాభిసరణము. సెంటిమీటరునకు ఒక వోల్టు చొప్పున ప్రయోగించినచో, బంకమట్టిలో నీరు దినమునకు సుమారు 4 సెంటిమీటర్లు కదలును. సందులు సన్నగిలినను ఈ వేగము అంతగా తగ్గదు. 1939లో కాసగ్రాండె యను ఇంజనీరు జర్మనీలోని సాల్జ్‌గిట్టరు వద్ద, రైలుమార్గమునకై త్రవ్వినచోట మెత్తని నేలను ఈ పద్ధతిచేతనే గట్టిపఱచెను.

విద్యార్థులారా! పింగాణి గిన్నెలో తడి రేగడి నుంచి, రెండు ఇనుపమేకులు గ్రుచ్చి, వానిని 9 వోల్టుల బ్యాటరీకి కలుపుడు. కొన్ని గంటలకు ఋణధ్రువపు మేకు చెంత నీరు చేరును. ధనధ్రువపు మేకు తుప్పుపట్టును. ఇంటి కరెంటుతో మాత్రము దీనిని ఎన్నడును చేయరాదు, ప్రాణాపాయము.

ఆ తుప్పును, విద్యుత్తునకగు వ్యయమును చూచినచో, ఈ పద్ధతి పొలమునకు తగదని తెలియును. అయినను ఇందలి జ్ఞానము రైతునకు వ్యర్థము కాదు. సోడియము హెచ్చిన కారు చౌడు నేలకు జిప్సము వేయుటలోని మర్మమిదియే: కాల్షియము సోడియమును తొలగింపగా, రేణువులు గుంపులుగా కూడి నీటికి దారి యిచ్చును. ఆ నీరు పోవుటకు మురుగు కాలువ యుండవలెను. కావున జిప్సము వేయు రైతు మురుగు కాలువ త్రవ్వుట మఱువరాదని మా మనవి.