చెల్క దుమ్ములో బండి చైన్: సందేహాలు – సమాధానాలు

ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు బండి చైన్ గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

నాది స్ప్లెండర్. రోజూ మట్టిబాటల బాయికాడికి పోయి రావాలె. చైన్ ఊకె లూజ్ అయితుంది. అడ్జస్టర్లు ఆఖరుదాక గుంజినం. లింకు తీసేస్తే ఇంకో ఆర్నెల్లు నడుస్తదని మెకానిక్ అంటున్నడు. తీపియ్యాల్నా?
– ఒక రైతు, చండూరు మండలం

వద్దు. అడ్జస్టర్లు చివరిదాకా వచ్చాయంటే ఆ చైన్ పని అయిపోయినట్టే. లింకులు తీసి దాన్ని పొట్టి చేయొచ్చు గానీ, దాని లోపలి అరుగుదలను ఎవరూ తీయలేరు.

చైన్ పొడవు ఎందుకు పెరుగుతుందో ముందు చూద్దాం. పైకి కనిపించే ఇనుప పలకలు ఏమీ సాగవు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని మీద గొట్టంలాంటి బుష్, ఆ బుష్ మీద తిరిగే రోలర్ ఉంటాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్న నిర్మాణమే నేటికీ మన బండ్లకు నడుస్తోంది. చైన్ పళ్లచక్రం చుట్టూ వంగే ప్రతిసారీ పిన్ను బుష్‌లో కొద్దిగా తిరుగుతుంది. అక్కడ నూనె ఉంటే ఏమీ కాదు. నూనె ఆరిపోయి దుమ్ము చేరితే రెండూ అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా, వందకు పైగా లింకులున్న చైన్ మొత్తం మీద ఒక సెంటీమీటరు దాటుతుంది. మీరు లూజ్ అంటున్నది దాన్నే.

మీ ప్రాంతంలో ఇది తొందరగా జరగడానికి నేల కూడా కారణం. చెల్క నేల గ్రానైటు రాయి పొడిపొడి అయి ఏర్పడింది. అందులో పలుగురాయి రేణువులు నిండా ఉంటాయి. అవి ఉక్కును గీసేటంత గట్టివి. నూనెలో కలిసి పిన్నుకూ బుష్‌కూ మధ్య చేరాయంటే రోజూ సాన పెట్టినట్టే. అదే మోడల్ బండి హైదరాబాద్ తారురోడ్డు మీద తిరిగితే వచ్చే కిలోమీటర్లు మీ బాయిబాట మీద రావు. కాబట్టి ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలి అనే లెక్కను నమ్ముకోకండి. టేపు తీసుకుని కొలవండి.

స్ప్లెండర్ లాంటి బండ్లకు వచ్చేది 428 చైన్. ఒక పిన్ను నడిమధ్య నుంచి పక్క పిన్ను నడిమధ్యకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, కవర్ విప్పండి. బండిని గేర్‌లో ఉంచి వెనక చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి పట్టుకుంటే చైన్ పైవరుస బిగుతుగా నిలుస్తుంది. ఇప్పుడు ఒక పిన్ను నుంచి మొదలుపెట్టి ఇరవై ఒకటో పిన్ను దాకా కొలవండి. కొత్త చైన్ అయితే 254 మిల్లీమీటర్లు వస్తుంది. 259 వచ్చిందంటే రెండు శాతం పెరిగింది, మార్చేయాలి. 257 దగ్గర ఉంటే డబ్బు సర్దుకోవడం మొదలుపెట్టండి. మూడు నాలుగు చోట్ల కొలవండి, చైన్ అంతటా ఒకేలా అరగదు.

టేపు లేకపోతే ఇంకో పరీక్ష ఉంది. వెనక పళ్లచక్రానికి సరిగ్గా వెనక భాగంలో చైన్‌ను వేళ్లతో పట్టి వెనక్కి గుంజండి. మంచి చైన్ పళ్లను వదలదు. పైకి లేచి పన్ను సగం కనిపిస్తే అరిగినట్టే.

లింకులు తీస్తే ఏం నష్టమని అడగొచ్చు. ఒక్క లింకు తీయడం కుదరదు, లోపలి లింకు, బయటి లింకు జతగా తీయాలి. జత తీసినా మిగిలిన ప్రతి లింకు మధ్య దూరం పెరిగే ఉంటుంది. అది పన్ను అడుగున కూర్చోకుండా పైకి ఎక్కుతుంది. బరువు మీద ఉన్నప్పుడు పన్ను మీదుగా జారుతుంది, లేదంటే తెగుతుంది. తెగిన చైన్ ముందు పళ్లచక్రం దగ్గర ముద్దగా చుట్టుకుంటే ఇంజిన్ కేసింగ్ పగలొచ్చు, వెనక చక్రం పట్టేయొచ్చు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద, వెనక లారీ వస్తుండగా చక్రం పట్టేస్తే ఎట్లుంటదో మీకు చెప్పక్కర్లేదు.

నేను పాలు పోస్త. బండికి రెండు దిక్కుల క్యాన్లు. సర్వీసింగ్ షాపుల తీసేసిన కాలిన ఆయిల్ చైన్‌కు పోస్తున్న. కొందరు గ్రీజు రాయమంటరు, కొందరు 90 నంబర్ ఆయిల్ అంటరు. ఏది మంచిది?
– పాల వ్యాపారి, కట్టంగూరు

కాలిన ఆయిల్ మానేయండి. ఇంజిన్‌లోంచి తీసిన ఆయిల్‌లో ఇనుప రజను, మసి, ఆమ్లాలు ఉంటాయి. పైగా పలుచన, బండి కదలగానే చక్రం మీదికి చిందుతుంది. గ్రీజు పైపైన నిలిచి దుమ్మునంతా అంటించుకుంటుంది, పిన్ను దాకా దిగదు. 90 నంబర్ గేర్ ఆయిల్ మీకు చాలు, పల్లెలోనూ దొరుకుతుంది. చైన్ స్ప్రే కూడా మంచిదే. అది తక్కువ చిందుతుంది, కానీ ఖరీదు ఎక్కువ.

ఏది పోశారన్నదానికంటే ఎక్కడ పోశారన్నది ముఖ్యం. చాలామంది పైనుంచి రోలర్ల మీద ఒంపేస్తారు. నూనె కావలసింది పలకల మధ్య సందులో, ఎందుకంటే పిన్నుకు దారి అక్కడే. కింది వరుసకు లోపలి వైపు నుంచి, ఒక్కో సందులో చుక్క పడేలా, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ వేయండి. రెండు వైపుల పలకలకూ వేయాలి. సాయంత్రం తిరిగొచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే బాగా దిగుతుంది. రాత్రంతా ఉంచి, తెల్లారి పాలకు పోయేముందు పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయండి. చైన్ బయట పొడిగా, లోపల తడిగా ఉండాలి. 500 కిలోమీటర్లకోసారి చేస్తే చాలు, మీరు తిరిగే బాటలకు ఇంకొంచెం ముందే చేయండి.

నూనె వేసేముందు కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో మురికి కడగాలి. మీ బండికి ఓ-రింగ్ చైన్ ఉంటే, అంటే పలకల మధ్య సన్నటి నల్ల రబ్బరు రింగులు కనిపిస్తే, పెట్రోలు గానీ ఇనుప బ్రష్ గానీ తగలనివ్వకండి. రింగులు పాడైతే లోపల ఫ్యాక్టరీలో నింపిన గ్రీజు పోతుంది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. ఇంజిన్ నడిపించి, గేర్‌లో వేసి, తిరిగే చైన్‌కు గుడ్డ పట్టడం చాలా షాపుల్లో చూస్తుంటాం. గుడ్డతోపాటు వేళ్లు పళ్లలోకి పోతాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చైన్ మీద చెయ్యి వేయండి.

మీలాగా బరువు మోసేవాళ్లు బిగింపు సంగతి కూడా తెలుసుకోవాలి. క్యాన్లు ఎక్కగానే షాకబ్జర్లు దిగి చైన్ ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండి మీద టైట్‌గా ఉంచితే బరువు ఎక్కాక గుంజుకుపోయి ముందు పళ్లచక్రం వెనకున్న బేరింగును, ఆయిల్ సీల్‌ను పాడుచేస్తుంది. చైన్ మధ్యలో వేలితో ఎత్తి దించితే మామూలుగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండికి ఎంత అనేది ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కువ బిగుతుగా ఉన్నచోట ఆ కొలత ఉంచండి.

నాట్ల టైంల బురద పట్టుకుంటది. సర్వీసింగ్ సెంటర్ల ప్రెషర్ నీళ్లతోని చైన్ మీద కొట్టిపిస్త. మంచిదేనా?
– మిర్యాలగూడ

బురద పోవాలి, నిజమే. కానీ ప్రెషర్ గన్‌ను చైన్‌కు దగ్గరగా పెడితే నీళ్లు, మట్టి కలిసి పిన్నుల్లోకి దూరతాయి. దూరం నుంచి మామూలు నీళ్లు కొట్టించి, ఆరాక, అదే రోజు నూనె వేయండి. కడిగించి నూనె వేయకుండా వదిలేసిన చైన్‌కు తెల్లారేసరికి తుప్పు మొదలవుతుంది.

చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదా? షాపతను మొత్తం కిట్ తీసుకోమంటున్నాడు. ఖర్చు పెంచడానికేనా?
– ఫ్యాక్టరీ ఉద్యోగి, జడ్చర్ల

షాపతను చెప్పింది నిజం. అరిగిన చైన్‌తో తిరిగిన పళ్లు కూడా అదే కొలతకు అరిగి ఉంటాయి. కొత్త చైన్‌ను వాటి మీద వేస్తే కొన్ని పళ్ల మీదే బరువంతా పడి త్వరలోనే పాడవుతుంది. పళ్లను పక్కనుంచి చూడండి. కొత్త పన్ను రెండు వైపులా సమానంగా ఉంటుంది, అరిగినది ఒక వైపుకు కొక్కెంలా వంగి ఉంటుంది. ముందు పళ్లచక్రం ఇంకా తొందరగా పోతుంది. ముందు 14, వెనక 42 పళ్లు ఉన్న బండిలో వెనకది ఒక్కసారి తిరిగితే ముందుది మూడుసార్లు తిరుగుతుంది. చైన్, రెండు పళ్లచక్రాలు కలిపి మార్చండి. కంపెనీ పేరు ముద్రించిన నకిలీ కిట్లు తక్కువ ధరకు దొరుకుతాయి, బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడి నాలుగు చూసుకోండి. ఒకటి, చైన్ లాక్ క్లిప్. దాని మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకు ఉండాలి, తెరిచిన కొస వెనక్కి ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. రెండు, అడ్జస్టర్ల మీది గీతలు రెండు వైపులా ఒకే చోట ఉన్నాయా? తేడా ఉంటే చక్రం వంకరగా కూర్చుని టైరు, పళ్లు రెండూ ఒక పక్కకు అరుగుతాయి. మూడు, యాక్సిల్ నట్, చైన్ వైపున్న స్లీవ్ నట్ బిగించాక ఆట మళ్లీ కొలవాలి, బిగించేటప్పుడు అది మారుతుంది. నాలుగోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు: చక్రం వెనక్కి జరిగితే వెనక బ్రేకు రాడ్ కూడా బిగుస్తుంది. చక్రం చేత్తో తేలిగ్గా తిరుగుతోందో లేదో చూసి, బ్రేకు సరిచేయించండి.

పనిలో పనిగా వెనక హబ్‌లోని రబ్బర్లూ చూడమనండి. అవి నలిగిపోతే గేర్ మార్చినప్పుడల్లా చైన్‌కు దెబ్బ తగులుతుంది. కొత్త చైన్‌కు మొదటి 500 కిలోమీటర్లలో కొంచెం ఆట పెరగడం మామూలే, అప్పుడు ఒకసారి సరిచేయిస్తే సరిపోతుంది. కొత్త చైన్‌ను కిరోసిన్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు పోతుంది.

మన్ననూరు ఘాట్‌ల బండి గుంజుతలేదు. ముందు పళ్లచక్రం 14 నుంచి 13 చేస్తే?
– అచ్చంపేట

లాగుడు సుమారు ఎనిమిది శాతం పెరుగుతుంది. కానీ అదే వేగానికి ఇంజిన్ అంత ఎక్కువ తిరగాలి, పెట్రోలు తాగుతుంది, చైన్ చిన్నచక్రం మీద ఎక్కువ వంగి తొందరగా అరుగుతుంది. ముందుగా క్లచ్ ప్లేట్లు, ఎయిర్ ఫిల్టర్ చూపించండి. నా సలహా: మార్చవద్దు.

చప్పుడు వస్తోందని మా వారు చైన్ కవర్ తీయించేశారు. శారీ గార్డ్ కూడా లేదు. రోజూ బడికి నేను ఆ బండి వెనకే కూర్చుని వెళ్తాను. భయంగా ఉంది. భయపడాల్సిన పనేనా?
– ఉపాధ్యాయురాలు, కోస్గి

భయపడాల్సిన పనే అమ్మా. మన దగ్గర నడిచే చాలా బండ్లకు చైన్ ఎడమ పక్కనే ఉంటుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునేవాళ్ల కాళ్లు, కొంగు పడేదీ ఎడమకే. కొంగు గానీ చున్నీ గానీ పళ్లకూ చైన్‌కూ మధ్య చిక్కితే లాగి తీసే వ్యవధి ఉండదు. మెడ చుట్టూ ఉన్న చున్నీ అయితే ప్రాణాల మీదికే వస్తుంది. పిల్లల పాదాలకూ అదే ప్రమాదం.

ఇది చట్టంలోనూ ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం, వెనక మనిషి కూర్చునే మోటారుసైకిల్‌కు పట్టుకునే హ్యాండిల్, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్, బట్టలు చిక్కకుండా వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ఉండి తీరాలి. బండికి కొత్తలో వచ్చిన శారీ గార్డ్ ఆ రక్షణే, అందం కోసం పెట్టినది కాదు.

కవర్ చప్పుడు చేసేది రెండే కారణాలకు: చైన్ లూజై లోపల తగలడం, లేదా కవర్ బోల్టు దగ్గర వాషర్ పోవడం. రెండూ ఒక పూటలో అయ్యే పనులు. పైగా కవర్ ఉంటే చెల్క దుమ్ము చైన్ దాకా తక్కువగా చేరుతుంది, అరుగుదల తగ్గుతుంది. స్ప్లెండర్ కవర్ మీద చిన్న రబ్బరు మూత కూడా ఉంటుంది, అది తీసి లోపల ఆట చూసుకోవచ్చు. ఈ జవాబు మీ వారికి చూపించండి. అంతవరకు కొంగును ముందుకు తిప్పి నడుముకు దోపుకుని కూర్చోండి, వీలైతే వేరే బండి మీద వెళ్లండి.

చదివినవాళ్లందరికీ ఒక మనవి. మీ బండి ఎడమ పక్కకు వెళ్లి చైన్ కవర్, శారీ గార్డ్ రెండూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఇంటి ఆడవాళ్లను, పిల్లలను ఎక్కించుకునేముందే బిగించుకోండి.